నెగెటివ్ తీగ ఊడదీస్తే చాలా?

కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో ఈ రోజుల్లో బ్యాటరీ అంటే లిథియమే. 2020 డిసెంబరులో ఓలా ఎలక్ట్రిక్ తమిళనాడు ప్రభుత్వంతో 2,400 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుని ఇక్కడ 500 ఎకరాల్లో స్కూటర్ల కర్మాగారం కట్టింది. దానికి దగ్గర్లోనే సెల్స్ చేసే కర్మాగారమూ వచ్చింది. అంతకుముందు ఈ ఊరి పేరు చెబితే సంత, చుట్టూ మామిడి తోటలు గుర్తొచ్చేవి. హోసూరు వైపు పోతే ఇంకా పాత కాలపు యంత్రాలు: అశోక్ లేలాండ్ లారీలు, టీవీఎస్ బండ్లు, ఎక్సైడ్ వాళ్ల సీసపు బ్యాటరీలు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, బెంగళూరు బస్సెక్కితే కన్నడం మాట్లాడే మనవాళ్లు ఈ రెండు రకాల పనుల్లోనూ ఉన్నారు.

ఇక్కడ మాట్లాడే ఇద్దరూ అలాంటివాళ్లే. మామ హోసూరులో లారీలకీ కార్లకీ వైరింగు చేసి, వయసు మళ్లాక పోచంపల్లి దగ్గర తోటలో ఉంటున్నాడు. మేనల్లుడు లిథియం సెల్స్ పరీక్షించే ఉద్యోగి. అల్లుడి దగ్గర ఒక శాన్ స్టార్మ్ ఉంది. 1998 ప్రాంతంలో మన దేశంలోనే తయారై బయటికొచ్చిన రెండు సీట్ల బండి అది: ఫైబర్ బాడీ, మడిచేసే టాపు, 1,149 సీసీ రెనో ఇంజను, 60 హార్స్‌పవర్. అది మామ తోటలో రేకుల షెడ్డు కింద ఉంటుంది, అల్లుడికి షిఫ్టులు కుదిరినప్పుడే రోడ్డెక్కుతుంది. మనుషులు కల్పితం, లెక్కలు నిజం.

అల్లుడు: మామా, పదో నంబర్ స్పానర్ ఇటియ్యి. నెగెటివ్ ఊడదీసి వెళ్తాను. మళ్లీ పండక్కి గానీ దీన్ని తీయను.

మామ: బండి నిలిపిన ప్రతిసారీ తీగ ఊడదీయడం నీకు అలవాటైపోయింది. ఎందుకు తీస్తున్నావో చెప్పు, ఆ తర్వాత ఇస్తా స్పానర్.

అల్లుడు: తాళంచెవి తీసేసినా బండిలో అన్నీ ఆగిపోవు కదా. గడియారం, రేడియో, అలారం, ఇంజను కంప్యూటరు, ఇవన్నీ కొంచెం కొంచెం లాగుతూనే ఉంటాయి. అంతా కలిపి 30 మిల్లీ ఆంపియర్లు అనుకో. రోజుకి 0.72 ఆంపియర్ అవర్. నెలకి 21 దాటుతుంది. ఇందులో ఉన్నది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. నెల తిరిగేసరికి సగానికి పైగా ఖాళీ. రెండో నెలలో సెల్ఫ్ కొడితే టిక్కుమని ఊరుకుంటుంది.

మామ: 30 అని ఎవరు చెప్పారు నీకు? కొలిచావా?

అల్లుడు: మామూలుగా 50 లోపు ఉంటే బండి బాగున్నట్టే అంటారు.

మామ: ఇంకొకరి బండి లెక్క చెప్తున్నావు. నీ బండిలో ముందున్న ఓనరు సెంట్రల్ లాకింగ్ పెట్టించాడు, స్టీరియో మార్పించాడు. ఆ తీగలు ఎక్కడ కలిపారో నాకు తెలీదు, నీకు తెలీదు. డిక్కీలో 5 వాట్ల బల్బు ఒకటి ఆరకుండా వెలుగుతూ ఉందనుకో, అది 0.4 ఆంపియర్లు. రోజుకి దాదాపు 10 ఆంపియర్ అవర్లు. నాలుగో రోజుకి నీ బ్యాటరీ చచ్చిపోతుంది. నువ్వు తీగ ఊడదీస్తున్నావు కాబట్టి ఆ బల్బు సంగతి నీకు ఎప్పటికీ తెలీదు. తప్పు లోపలే ఉంటుంది, నువ్వు దాని మీద మూత పెడుతున్నావు. నాకు కోపం తీగ ఊడదీసినందుకు కాదు, కొలవకుండా ఊడదీసినందుకు.

అల్లుడు: సరే, కొలుద్దాం. ఎలా కొలవాలో నువ్వు చెప్పు, మీటరు నా దగ్గర ఉంది.

మామ: మీటరు ఎర్ర తీగని 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టు. నెగెటివ్ టెర్మినల్ విప్పి, ఆ తీగకీ బ్యాటరీ గుబ్బకీ మధ్యన మీటరు పెట్టు. బండి లాక్ చేసి అరగంట ఆగు. విప్పి మళ్లీ కరెంటు ఇవ్వగానే కంప్యూటరు మేలుకుంటుంది, అప్పుడే అంకె చూసి బెంబేలు పడకూడదు. అరగంట తర్వాత ఎంత చూపిస్తే అది నిజం. ఎక్కువగా ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ పో. ఏది తీసినప్పుడు అంకె దబ్బున పడిపోతుందో దొంగ ఆ దారిలో ఉన్నాడు. ఒక్కటి గుర్తుపెట్టుకో: మీటరు అలా ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకు. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగుతుంది, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

అల్లుడు: కొలిచాం, 25 వచ్చింది, దొంగ ఎవడూ లేడు అనుకుందాం. అప్పుడైనా ఊడదీయనిస్తావా? రెండు నెలలు ఆగితే 25 కూడా బ్యాటరీని ముంచేస్తుంది.

మామ: ఊడదీయి. కానీ ఊడదీసి వెళ్లిపోతే బ్యాటరీ భద్రంగా ఉంటుందనుకుంటున్నావు చూడు, అక్కడ నీతో నాకు పేచీ. సీసపు బ్యాటరీ తీగలేమీ లేకపోయినా తనంతట తాను దిగిపోతుంది. పాత రకం, అంటే పలకల్లో యాంటిమొనీ కలిపిందైతే, నెలకి నూటికి ఐదు నుంచి పది వంతులు. కాల్షియం రకమైతే తక్కువ. అదీ మామూలు వేడిలో. పది డిగ్రీలు పెరిగితే ఆ దిగడం దాదాపు రెట్టింపు అవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ రేకుల కింద ఎంత వేడి ఉంటుందో నువ్వే చూశావు. ఓటికుండకి పడ్డ చిల్లి మూసినంత మాత్రాన కుండ నిండదు కదా. నువ్వు కొంచెం ఖాళీగా వదిలి వెళ్తే ఇంకొంచెం ఖాళీ అవుతుంది.

అల్లుడు: కొంచెం ఖాళీగా ఉంటే ఏమైంది? మా దగ్గర సెల్స్‌ని నిల్వ పెట్టేది సగం చార్జితోనే. నిండా చార్జి చేసి వేడిలో పెడితేనే పాడవుతాయి.

మామ: అది లిథియం రా అల్లుడా. ఇది సీసం.

ఇద్దరి వాదనకీ మూలం ఇక్కడే ఉంది. అల్లుడు చెప్పింది అబద్ధం కాదు. లిథియం అయాన్ సెల్‌ని నిండా నింపి వేడిలో ఉంచితే అది త్వరగా ముసలిదవుతుంది, నిల్వకి సగం చార్జి దగ్గర ఉంచడమే దానికి మంచిది. 46 మిల్లీమీటర్ల వ్యాసం, 80 మిల్లీమీటర్ల పొడవు ఉండే 4680 సెల్ దగ్గర రోజంతా గడిపే కుర్రాడికి ఆ నియమం చేతికి అలవాటైపోతుంది. ఆ అలవాటుతోనే ఇంటికొచ్చి కారు బానెట్ ఎత్తుతాడు. 1859లో ఫ్రాన్స్‌లో గాస్తోన్ ప్లాంటే కనిపెట్టిన సీసం-ఆమ్లం బ్యాటరీ సరిగ్గా దీనికి తలకిందులు. దాన్ని ఖాళీగా ఉంచితేనే ప్రమాదం. ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో, రెండూ 'బ్యాటరీ' అనే పేరుతోనే తిరుగుతున్నాయి. ఈ తేడా ఎవరూ చెప్పకపోవడం వల్ల పాడైపోయే బ్యాటరీలు తక్కువేం కావు.

అల్లుడు: నువ్వు చెప్పేది సల్ఫేషన్ గురించే కదా?

మామ: ఆ పేరు నాకు తర్వాత తెలిసింది, ఆ తెల్ల పొర మాత్రం ఎప్పటినుంచో తెలుసు. బ్యాటరీ దిగుతున్న కొద్దీ రెండు వైపుల పలకలూ సీసపు సల్ఫేటుగా మారతాయి. లోపలి ఆసిడ్ నీళ్లలా పలచబడుతుంది. వెంటనే చార్జింగ్ పెడితే ఆ సల్ఫేటు తిరిగి కరిగిపోతుంది. వారాలూ నెలలూ అలాగే వదిలేస్తే గట్టిపడి పలకకి అంటుకుపోతుంది. ఆ తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా అంత మేర పలక పనికిరాదు. హైడ్రోమీటరు ముంచితే నిండిన సెల్ 1.26, 1.28 మధ్య చూపిస్తుంది. 1.20 కంటే కింద ఉన్నదాన్ని నేనెప్పుడూ రాత్రి అలా వదిలి పోలేదు.

అల్లుడు: ఇప్పుడు వచ్చేవి చాలావరకు మూత తెరవడానికి వీల్లేనివి, హైడ్రోమీటరు ఎక్కడ ముంచుతాం? వోల్టేజీ చూస్తే సరి. బండి ఆపి, కొన్ని గంటలు ఆగాక 12.6 పైన ఉంటే నిండినట్టు. 12.4 అంటే ముప్పావు. 12.2 సగం. 12కి వచ్చిందంటే పావు మిగిలినట్టు. ఆరు సెల్స్, ఒక్కోటీ 2.1 వోల్టులు, లెక్క సరిపోతుంది.

మామ: నేనూ అదే అంటున్నా. 12.4కి దిగకముందే చార్జింగ్ పెట్టాలి. నువ్వు పోయినసారి పండక్కి వచ్చి తగిలించినప్పుడు ఎంత ఉంది?

అల్లుడు: 12.15.

మామ: అదీ సంగతి. తీగ ఊడదీసే ఉంచావు. అయినా సగం అయిపోయింది. ఎందుకంటే నువ్వు నిలిపిన రోజునే అది నిండుగా లేదు.

అల్లుడు: దానికి నువ్వు చెప్పే మందు నాకు తెలుసు. వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచు అంటావు.

మామ: అలా అనేవాళ్లు వేరే. నిలబెట్టి పది నిమిషాలు ఆడిస్తే ఇంజను ఆయిలు సరిగా కాగదు, సైలెన్సర్‌లో నీళ్లు చేరి తుప్పు పడుతుంది. ఒక్కసారి స్టార్ట్ చేయడానికి పోయే కరెంటు నిజానికి చాలా తక్కువ, 150 ఆంపియర్లు మూడు సెకన్లు లాగితే ఆంపియర్ అవర్‌లో ఎనిమిదో వంతు. అది తిరిగి వచ్చేస్తుంది. కానీ సగం ఖాళీ అయిన బ్యాటరీ నిండాలంటే గంటలు కావాలి. చివరి భాగం మరీ నెమ్మదిగా ఎక్కుతుంది. అందుకే నేను చెప్పేది బండి తీసి కృష్ణగిరి దాకా పోయి రమ్మని. బ్రేకులు ఆడతాయి, టైర్లు ఒకేచోట నొక్కుకుపోవు, రబ్బరు గొట్టాలు ఎండవు. బ్యాటరీ ఒక్కదాని కోసమేనా చూసుకునేది?

అల్లుడు: నువ్వు చెప్పేది బండికి మంచిదే మామా. నాకు కుదరడమే కష్టం. షిఫ్టు మారితే మూడు వారాలు ఇటు రాలేను. నువ్వు ఈ గేరు వేసి, ఈ కిందికున్న సీట్లోకి దిగి నడపలేవు, నడుం పట్టేస్తుంది. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ నూటికి ఇరవై కలిపిన పెట్రోలు. ఈ బండి పుట్టినప్పుడు అది లేదు. ట్యాంకులో నెలల తరబడి ఉంటే తేమ లాగుతుంది. కాబట్టి బండి తీయలేని నెలలు వస్తాయి అని ఒప్పుకుని, ఆ నెలల్లో ఏం చేయాలో మాట్లాడదాం. తీగ తగిలించి ఉంచడంలో నాకు బ్యాటరీ కంటే పెద్ద భయం ఇంకోటి ఉంది.

మామ: ఏంటది?

అల్లుడు: ఎలుకలు. తోటలో షెడ్డు. మామిడి తాండ్ర ఆరబెట్టే రోజుల్లో ఎన్ని తిరుగుతాయో నీకు తెలుసు. తీగ కొరికితే, అది పాజిటివ్ అయితే, చాసిస్‌కి తగిలితే? ఫ్యూజు దాటాక అయితే ఫ్యూజు పోతుంది. ఫ్యూజు ముందరి లావు తీగ అయితే తీగే ఎర్రగా కాలుతుంది. ఇది ఫైబర్ బాడీ, అంటుకుంటే ఆపలేం. రాత్రిపూట ఎవరూ లేని షెడ్డులో ఆ ప్రమాదం నాకొద్దు. నెగెటివ్ ఊడదీస్తే ఆ దారే మూసుకుపోతుంది.

మామ: ...దానికి నా దగ్గర జవాబు లేదు. నిజమే. తీగ కొరికిన బండ్లు నా చేతిలోకి ఎన్నో వచ్చాయి. సరే, ఊడదీయి. కానీ ఊడదీసే పద్ధతి నాకు చూపించు.

అల్లుడు బానెట్ ఎత్తి, తాళంచెవి పూర్తిగా తీసి జేబులో వేసుకుని, అన్నీ ఆపి ఉన్నాయో లేదో చూస్తాడు. స్పానర్ ముందు నెగెటివ్ నట్టు మీదే పెడతాడు. పాజిటివ్ ముందు విప్పితే, స్పానర్ రెండో కొస ఇంజనుకో చాసిస్‌కో తగిలిన క్షణంలో వందల ఆంపియర్లు దాని గుండా పోతాయి. నిప్పురవ్వ లేస్తుంది, ఉంగరం ఉన్న వేలైతే మాంసం కాలుతుంది. నెగెటివ్ ఒక్కసారి విప్పేస్తే ఆ తర్వాత పాజిటివ్ మీద స్పానర్ ఎక్కడ తగిలినా దారి పూర్తి కాదు. తగిలించేటప్పుడు వరస తిరగేయాలి, పాజిటివ్ ముందు, నెగెటివ్ ఆఖరున. ఫైబర్ బాడీ కరెంటు మోయదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం పొరపాటు, కింద ఉన్న ఇనుప చాసిస్ మోస్తుంది. నట్టు వదులయ్యాక బిగింపుని అటూ ఇటూ నెమ్మదిగా తిప్పి పైకి లాగాలి. సుత్తితో కొట్టకూడదు, స్క్రూడ్రైవరుతో ఎత్తకూడదు. గుబ్బ సీసం, మెత్తన. లోపల పలకలకి అతికిన చోట పగిలితే బ్యాటరీ అక్కడితో సరి. ఊడిన తీగ దానంతట అదే వెనక్కి వచ్చి గుబ్బని తాకకుండా పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగి పక్కకి వంచి ఉంచాలి. గుబ్బ మీద తెల్లగా, పచ్చగా పొడి ఉంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి పోసి, తుడిచి, వ్యాజలిన్ రాస్తే చాలు.

మామ: ఒక్కమాట. అన్ని బండ్లకీ 'నెగెటివ్ ముందు' అని కళ్లు మూసుకుని చెప్పకు. పాత ఇంగ్లీషు బండ్లు కొన్ని పాజిటివ్ ఎర్త్‌వి. 1967కి ముందరి ఎమ్‌జీబీ అలాంటిదే. దానికి సీట్ల వెనకాల 6 వోల్టుల బ్యాటరీలు రెండు ఉండేవి. బాడీకి బిగించిన తీగ ఏదైతే అది ముందు విప్పాలి. అసలు సూత్రం అది.

అల్లుడు: ఒప్పుకున్నాను. ఇప్పుడు నీ అలవాట్లు రెండు నేను చెప్తా. నువ్వు బ్యాటరీ దించితే చెక్క పలక వెతుకుతావు. సిమెంటు నేల మీద పెడితే కరెంటు నేలలోకి దిగిపోతుందని. అది ఒకప్పుడు చెక్కపెట్టెల్లో, గట్టి రబ్బరు డబ్బాల్లో బ్యాటరీలు వచ్చినప్పటి మాట. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బా గుండా ఏమీ దిగదు.

మామ: పలక వేస్తే నష్టమూ లేదుగా.

అల్లుడు: లేదు. రెండోదానిలో నష్టం ఉంది. ఆల్టర్నేటరు చార్జి చేస్తోందో లేదో చూడటానికి నువ్వు ఇంజను ఆడుతుండగా టెర్మినల్ పీకేస్తావు. ఇంజను ఆగకపోతే బాగున్నట్టు అంటావు. మామా, ఆ పని ఈ బండిలో నువ్వు చేయనని నాకు మాటివ్వాలి.

మామ: లారీల్లో అలాగే చూసేవాళ్లం.

అల్లుడు: డైనమో ఉన్న బండ్లలో అది చెల్లిపోయింది. ఆల్టర్నేటరు చార్జి చేస్తుండగా బ్యాటరీని ఒక్కసారి తప్పిస్తే, ఆ కరెంటు పోవడానికి చోటు లేక వోల్టేజీ పదుల వోల్టులకి ఎగిరిపోతుంది. కన్ను మూసి తెరిచేలోపు డయోడ్లు, రెగ్యులేటరు, ఇంజను కంప్యూటరు ఏదైనా పోవచ్చు. శాన్ స్టార్మ్ కంప్యూటరు పోతే ఎక్కడ దొరుకుతుంది? తయారీయే లేదు. చార్జింగ్ చూడాలంటే ఇంజను ఆడుతుండగా గుబ్బల మీద మీటరు పెట్టు, 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే బాగున్నట్టు.

మామ: మాటిస్తున్నా. నువ్వు లేనప్పుడు కూడా పీకను. అయితే నీ కంప్యూటరు సంగతే అడుగుతా. తీగ తీసి పెట్టినప్పుడల్లా దాని జ్ఞాపకం పోదా?

అల్లుడు: నేర్చుకున్నది కొంత పోతుంది. తగిలించాక కొన్ని కిలోమీటర్లు ఐడిల్ కాస్త ఎగుడుదిగుడుగా ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది. గడియారం మళ్లీ పెట్టుకోవాలి. 1990ల నాటి కార్ల రేడియోలు చాలావాటికి కోడ్ అడుగుతాయి, ఆ నంబరు ముందే రాసిపెట్టుకోవాలి. పెద్ద బండ్లలో ఇంకా చిక్కులున్నాయి. పోర్షా 997లో బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది, ఆ డిక్కీ మూత కరెంటుతో తెరుచుకుంటుంది. కరెంటు పోతే మూత తెరుచుకోదు, మూత తెరవకపోతే బ్యాటరీ దొరకదు. అందుకే వాళ్లు లోపల ఫ్యూజు పెట్టె దగ్గర బయటికి లాగే చిన్న పాజిటివ్ కొస ఒకటి పెట్టారు, బయటి బ్యాటరీ తగిలించి తెరుచుకోవడానికి. అలాంటి బండికి తీగ ఊడదీసే ముందు పుస్తకం చదవాలి. మనదానికి ఆ బాధ లేదు.

మామ: అయితే చివరికి ఏమంటావు? ఊడదీశావు, తాళం వేశావు. రెండు నెలల్లో బ్యాటరీ దానంతట అది దిగిపోతుంది కదా, దానికేంటి?

అల్లుడు: నీ మాటే వింటా. ఊడదీసే ముందు నిండా చార్జింగ్ పెడతా. ఒకసారి ఊడదీశాక ఇక్కడ వదలను, ఇంటికి తీసుకుపోతా. నెలకోసారి వోల్టేజీ చూసి, 12.5కి వస్తే చార్జరు పెడతా. కిటికీ దగ్గర, వంటగదికి దూరంగా, హైడ్రోజన్ వస్తుంది కాబట్టి.

మామ: అంత బరువు మోసుకుంటూ?

అల్లుడు: మోస్తా.

మామ: మోయక్కర్లేదు. ఈ రేకుల మీద ఎండ ఏడాదంతా ఉంది. పది వాట్ల సోలార్ పలక ఒకటి, దానికి చిన్న కంట్రోలరు. తీగ ఊడదీసిన బ్యాటరీకి నేరుగా తగిలించు, మధ్యలో ఫ్యూజు పెట్టి. బండి వైరింగులో కరెంటు ఉండదు, నీ ఎలుకల భయం తీరుతుంది. బ్యాటరీ రోజూ కొంచెం నిండుతుంది, నా సల్ఫేటు భయం తీరుతుంది. కంట్రోలరు మాత్రం తప్పనిసరి, అది లేకుండా నేరుగా పెడితే ఎండాకాలంలో బ్యాటరీ ఉడికిపోతుంది.

అల్లుడు: అది బాగుంది. ఇంకోటి చేద్దామా? ప్రతిసారీ స్పానర్ ఎందుకు, లారీలకి పెట్టే కట్‌-ఆఫ్ స్విచ్ ఒకటి ఎర్త్ తీగలో పెడితే? రేసు కార్లకి కూడా ఉంటుంది కదా.

మామ: పెట్టొచ్చు. కానీ బజార్లో దొరికే చౌక స్విచ్‌లు చూసి మోసపోకు. సెల్ఫ్ కొట్టే 150 ఆంపియర్లు దాని గుండానే పోతాయి. లోపలి రాగి ముక్క చిన్నదైతే వేడెక్కి వోల్టేజీ పడిపోతుంది, నువ్వు బ్యాటరీ పోయిందనుకుంటావు. స్విచ్ మీద రాసిన ఆంపియర్లు చూడు, తీగ ఇప్పుడున్న లావు కంటే సన్నం చేయకు. బిగించాక సెల్ఫ్ కొట్టిస్తూ స్విచ్ రెండు గుబ్బల మధ్య మీటరు పెట్టు. అర వోల్టు చూపిస్తే ఆ స్విచ్ విప్పి షాపులోనే తిరిగి ఇచ్చేయ్.

అల్లుడు: ఆదివారం తెస్తా. ముందు లీకు కొలిచాకే బిగిద్దాం.

మామ: కొలిచాకే. ఇదిగో స్పానర్.